తెలుగు అక్షరాల వత్తులు ఊడిపోకుండా కోసే మిషను ఏది?

ప్రశ్న: అక్కా, నమస్కారం. మాది కావలి. ఏడేళ్ళుగా ఇంట్లోనే కేకుల మీద గుచ్చే పేర్లు, బారసాలకీ సీమంతానికీ గోడకి కట్టే తోరణాలు, రిటన్ గిఫ్టుల మీద స్టిక్కర్లు చేసి అమ్ముతున్నాను. అన్నీ కత్తెర, కట్టర్ బ్లేడుతోనే. కేకు పేర్లే నెలకి ముప్పై అయిదు దాకా వస్తాయి, ఒక్కోటి 120 రూపాయలు. ఒక్కోదానికి ముప్పావు గంట పడుతుంది. బొటనవేలు కాయ కాసింది. కంప్యూటర్‌కి తగిలించే కటింగ్ మిషను కొందామనుకుంటున్నాను. మా ఆయన 35,000 దాకా పెడదామన్నాడు. వీడియోల్లో ఒకరు క్రికట్ అంటారు, ఇంకొకరు సిలుయెట్ అంటారు. ఖరీదైనది కొంటే గుడ్డ, తోలు, చెక్క కూడా కోస్తుందట. మా ఆడబిడ్డ సంక్రాంతికి అమెరికా నుంచి వస్తోంది, చెబితే తెస్తానంది. ఏది కొనమంటావు? థర్మాకోల్ కూడా కోస్తుందా?

– ఓ చెల్లెలు, కావలి

సమాధానం:

చెల్లెమ్మా, చివర అడిగినదానికి ముందు చెప్పేస్తా. థర్మాకోల్ కోయదు. ఇళ్ళలో పెట్టుకునే ఈ మిషన్లలో ఏదీ కోయదు. సరుకు రోలర్ల సందులో దూరేంత పల్చగా ఉండాలి. అంగుళం మందం షీటు అసలు లోపలికే పోదు. పెళ్ళి మండపాల అక్షరాలకి వేడి తీగే గతి.

ఇక మిషను సంగతి. క్రికట్టా సిలుయెట్టా, చిన్నదా పెద్దదా అన్నీ అడిగావు గానీ, పేర్లు ఏ భాషలో కోస్తావో మాత్రం రాయలేదు. కావలిలో ఏడేళ్ళ నుంచీ చేస్తున్నావంటే తెలుగులో అడిగేవాళ్ళు ఉండే ఉంటారు. సీమంతం, బారసాల అని నువ్వే రాశావుగా. వాటికి ఇంగ్లీషులో పేరు గుచ్చే వాళ్ళు తక్కువ. వీడియోల్లో చూపించేవి మాత్రం అన్నీ ఇంగ్లీషు మాటలే. చేతిరాత లాంటి ఫాంటు పెట్టి 'హ్యాపీ బర్త్‌డే' అని కొడితే ఆ అక్షరాలు ఒకదాని చెయ్యి ఇంకోటి పట్టుకుని మొత్తం ఒకే ముక్కగా లేస్తాయి. మనవి అట్టా లేవవు.

నేను మిషను మీద కోసిన మొదటి మాట 'సీమంతం'. ఒంగోల్లో మా వీధిలోనే ఒక అమ్మాయికి. బంగారు రంగు గ్లిట్టర్ షీటు, ఆరంగుళాల వెడల్పు. మిషను గరగరమంటూ అటూ ఇటూ తిరిగి నాలుగు నిమిషాల్లో కోసేసింది. అంచులు అద్దంలా వచ్చాయి. సంబరంగా మ్యాట్ (షీటు అంటించి మిషనులోకి పంపే జిగురు పలక) మీంచి లేపితే చేతికి ముక్కలొచ్చాయి. స ఒకటి, దాని నెత్తిన ఉండాల్సిన గుడిదీర్ఘం ఇంకోటి, మ ఒకటి, త ఒకటి. సున్నాలు రెండూ కాలి మెట్టెల్లా విడిగా ఊడి, ఒకటి దొర్లుకుంటూ మంచం కిందకి పోయింది. కేకు ఆరు గంటలకి. అయిదున్నరకి నేను పళ్ళు కుట్టుకునే పుల్ల ఫెవికాల్‌లో ముంచి సున్నా అతికిస్తున్నా. ఆ రోజు కత్తెరతోనే కోసి ఉంటే ఇంత గోల ఉండేది కాదు. కత్తెర పట్టినప్పుడు నా చెయ్యి తనంతట తాను మధ్యలో చిన్న వంతెన వదిలేది. మిషనుకి ఆ తెలివి లేదు, గీత ఎక్కడుంటే అక్కడ కోసుకుంటూ పోతుంది.

నీకూ ఇదే ఎదురవుతుంది. చాలా ఫాంటుల్లో ప, స, హ, ష మీద తలకట్టు ఒంటికి తగలదు, గాల్లో నిలబడి ఉంటుంది. 'అమ్మ'లో మ వత్తు, 'చిన్ని'లో న వత్తు పక్కనో కిందో విడిగా వేలాడతాయి. సున్నా ఎప్పుడూ ఒంటరిదే. కాగితం మీద అచ్చు వేసినప్పుడు ఈ ఖాళీలు కంటికి ఆనవు. కోసినప్పుడు ప్రతి ఖాళీ దగ్గరా ఒక ముక్క ఊడుతుంది. స్టెన్సిల్ చేసేటప్పుడు దీనికి తిరగేసి ఇబ్బంది. అక్షరాన్ని తీసేసి చుట్టూ ఉన్న షీటు ఉంచుకోవాలి కదా, అప్పుడు ర కడుపులో ముక్క, సున్నా నడుమ ముక్క, ఠ లోపల చుక్క చుట్టూ ఉన్న ముక్క అన్నీ రాలిపోతాయి. రంగు పూస్తే ర బదులు గుండ్రటి మచ్చ పడుతుంది.

దీనికి మూడు దారులున్నాయి. మొదటిది, కోసే ముందే తెర మీద వత్తుల్నీ తలకట్లనీ జరిపి అక్షరానికి తాకించి, మొత్తాన్ని ఒకే గీతగా కలిపేయడం. దాన్నే వెల్డ్ అంటారు. సున్నాని పక్క అక్షరానికి కాస్త నొక్కి ఆనించాలి, చూడ్డానికి ఏం తేడా రాదు. రెండోది, పేరు చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్లు ఎడంగా ఇంకో గీత వేయించి, ఆ ఆకారాన్ని వేరే రంగు షీటులో కోసి వెనక అట్టలా అతికించడం. ఈ పనికి సాఫ్ట్‌వేర్‌లో ఆఫ్‌సెట్ అనే మీట ఉంటుంది. నేను ఎక్కువగా ఇదే చేస్తా, ఎందుకంటే రెండు రంగుల పేరుకి జనం ఇంకో ముప్పై రూపాయలు ఎక్కువిస్తారు. మూడోది అక్షరాల కింద పొడుగ్గా పట్టీ పెట్టడం. అది నాకు నచ్చదు, షాపు బోర్డులా కనిపిస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. మిషనుతో వచ్చే సాఫ్ట్‌వేర్‌లోనే తెలుగు కొడదామని చూడకు. ఇంగ్లీషు కోసం కట్టిన చోట మన గుణింతాలు, వత్తులు చెదిరిపోతుంటాయి. ఇంక్‌స్కేప్ అని ఉచితంగా దొరికే బొమ్మల సాఫ్ట్‌వేర్ లాప్‌టాప్‌లో వేసుకో. దాంట్లో తెలుగు సరిగ్గా పడుతుంది. రామభద్ర ఫాంటు దించుకో, అది కూడా ఉచితమే. లావుగా, బలంగా ఉంటుంది కాబట్టి గ్లిట్టర్ షీటులో కోసినా కాళ్ళు విరగవు. సన్నటి ఫాంటులు పెళ్ళి కార్డు మీద ముచ్చటగా ఉంటాయి గానీ కేకు మీద తలొంచేస్తాయి. మాట కొట్టాక దాన్ని గీతలుగా మార్చి, ముక్కలన్నీ కలిపి, ఫైలుగా దాచుకుని, అప్పుడు మిషను సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చుకోవాలి. ఇదంతా కొత్తలో తలనొప్పిగా ఉంటే తేలిక దారి చెబుతా. ఫోనులో తెల్ల తెర మీద నల్లటి లావు అక్షరాలతో పేరు పెద్దగా కొట్టి, బొమ్మగా దాచి, దాన్ని మిషను సాఫ్ట్‌వేర్‌లో ట్రేస్ చేయించు, అంటే అక్షరాల అంచుల వెంట కోత గీత తీయించు. ఫోన్లు తెలుగుని తప్పు లేకుండా చూపిస్తాయి కాబట్టి వత్తులు చెదరవు. మీ ఊళ్ళో అనూ ఫాంటులతో పని చేసే డీటీపీ అబ్బాయి ఎవరైనా తెలిసి ఉంటే ఇంకా మంచిది. కోరల్‌డ్రాలో పేరు కొట్టి, కర్వ్స్‌గా మార్చి ఇమ్మను. ఆ మాట చెబితే వాళ్ళకి వెంటనే అర్థమవుతుంది.

ఇప్పుడు నువ్వడిగిన జగడానికి వద్దాం. క్రికట్, సిలుయెట్ రెండూ అమెరికా యూటా రాష్ట్రపు కంపెనీలే. క్రికట్ అని రాస్తున్నా గానీ పలికేది మన క్రికెట్ ఆటలాగానే. ట్రంకు రోడ్డులో ఒక స్టేషనరీ షాపులో 'క్రికట్ మ్యాట్ ఉందా బాబూ' అని అడిగితే, ఎదురుగా ఆటసామాన్ల షాపుంది చూడండి ఆంటీ అన్నాడు.

రెండిటి కోతలో నీ పనికి తేడా ఏమీ ఉండదు. కార్డు షీటు, గ్లిట్టర్ షీటు, వినైల్ స్టిక్కరు రెండూ శుభ్రంగా కోస్తాయి. తేడా అంతా సాఫ్ట్‌వేర్‌లో. క్రికట్‌ది డిజైన్ స్పేస్. నేర్చుకోవడం సులువు, ఫోను నుంచి కూడా నడుస్తుంది. కానీ ఖాతా తెరవాలి, లాగిన్ అవ్వాలి, నెట్‌తో ముడి ఉంటుంది. ప్రాజెక్టులు ముందే దించి పెట్టుకుంటే కొంత పని నెట్ లేకుండా జరుగుతుందనుకో. నెలనెలా డబ్బు కట్టే పథకం ఒకటి ఉంది, దానికి నువ్వు కట్టక్కర్లేదు. అది వాళ్ళ బొమ్మలు, వాళ్ళ ఫాంటుల కోసం. సొంత ఫైలు ఎక్కించుకోవడం ఉచితమే. అయితే 2021 మార్చిలో ఆ కంపెనీయే ఒక మాట అంది. డబ్బు కట్టని వాళ్ళు నెలకి 20 సొంత బొమ్మలకి మించి ఎక్కించకూడదని. కొన్నవాళ్ళందరూ గయ్యిమన్నాక అదే నెల్లో వెనక్కి తీసుకుంది. అయినా నాకు ఆ భయం పోలేదు. తెలుగులో కోసేవాళ్ళం మనం, ప్రతి పేరూ సొంత ఫైలే. నెలకి ముప్పై అయిదు పేర్లంటే ముప్పై అయిదు ఫైళ్ళు. అలాంటి రూలు మళ్ళీ ఎప్పుడైనా వస్తే అందరికంటే ముందు దెబ్బ తగిలేది మనకే.

సిలుయెట్ వాళ్ళ స్టూడియో లాప్‌టాప్‌లో ఒకసారి వేసుకుంటే నెట్ లేకపోయినా పని చేస్తుంది. నేర్చుకోవడం మాత్రం కష్టం. మొదటి వారం మీటలు చూసి కళ్ళు తిరుగుతాయి. దాంట్లో ఒక మెలిక ఉంది, ముందే తెలుసుకో. ఉచితంగా ఇచ్చే బేసిక్ రకం, ఇంక్‌స్కేప్ మామూలుగా దాచే ఎస్‌వీజీ అనే గీతల ఫైళ్ళు తెరవదు. వాటికి డిజైనర్ ఎడిషన్ కొనాలి, అది ఒక్కసారి కట్టే డబ్బు. కానీ డీఎక్స్‌ఎఫ్ అనే ఇంకో రకం గీతల ఫైళ్ళు బేసిక్‌లోనే తెరుచుకుంటాయి, ఇంక్‌స్కేప్ ఆ రకంగా కూడా దాచి ఇస్తుంది. నేను డిజైనర్ ఎడిషన్ కొనకుండానే ఏళ్ళు గడిపేశా.

బ్రదర్ వాళ్ళది స్కాన్‌ఎన్‌కట్ అని మూడోది ఉంది. నువ్వు రాయలేదు గానీ చెప్పాలనిపిస్తోంది. దాంట్లోనే స్కానరు ఉంటుంది, కంప్యూటర్ అక్కర్లేదు. తెల్ల కాగితం మీద లావు స్కెచ్ పెన్నుతో ఏం గీస్తే దాన్ని చూసి కోసేస్తుంది. మీ అత్తగారు ధనుర్మాసంలో వేసే మెలికల ముగ్గు కాగితం మీద వేయించి పెట్టావనుకో, అదే కోత ముగ్గు. అక్షరం చేత్తో రాస్తే ఫాంటు గొడవే లేదు, వత్తు ఎక్కడ తాకాలో రాసేటప్పుడే తాకిస్తావు. నాకు ఆ మిషను మీద మనసుంది. ధర చూస్తే నీ డబ్బుకి అందదు, అందుకే అక్కడితో ఆపేస్తున్నా.

గుడ్డ, తోలు, చెక్క అన్నావు. అది క్రికట్ మేకర్ గురించి. దాని బ్లేడు నాలుగు కిలోల బరువుతో నొక్కుతుంది, వాళ్ళదే ఇంకో మిషను ఎక్స్‌ప్లోర్ కంటే పది రెట్లు ఎక్కువ అని వాళ్ళే చెప్పుకుంటారు. గుడ్డకి గుండ్రంగా తిరిగే బ్లేడు, పల్చటి బాల్సా చెక్కకి కత్తిలాంటి బ్లేడు ఉన్నాయి. మందం మహా అయితే 2.4 మిల్లీమీటర్లు. మన దగ్గర దొరికే మూడు మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (చెక్కపొట్టుతో చేసిన పలక) దానికి లొంగదు. అక్రిలిక్ షీటు అసలే కాదు. వాటికి లేజరు కావాలి, నెల్లూరు వెళ్ళి లేజర్ కటింగ్ చేసేవాళ్ళకి ఫైలిస్తే చేసిస్తారు. ఒక జాగ్రత్త. వినైల్ స్టిక్కర్ షీటు మాత్రం లేజర్ కింద పెట్టమని ఎవర్నీ అడగకు. అది పీవీసీ, కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ అనే విషవాయువు వస్తుంది, ఊపిరితిత్తులకీ మిషనుకీ రెండిటికీ చేటు. నీ ఏడేళ్ళ పనిలో ఎన్నిసార్లు తోలు కోశావో ఆలోచించు. ఒక్కసారి కూడా కోసి ఉండకపోతే దానికి డబ్బు తగలేయకు.

వెడల్పు మాత్రం చూసి తీసుకో. క్రికట్ జాయ్ ముద్దుగా ఉంటుంది గానీ కోత నాలుగున్నర అంగుళాలే. 2023లో వచ్చిన జాయ్ ఎక్స్‌ట్రా ఎనిమిదిన్నర. సిలుయెట్ పోర్ట్రెయిట్ ఎనిమిది. కేకు పేర్లకి ఇవి చాలు, కానీ తోరణం అక్షరాలు కూడా చేస్తున్నావు కాబట్టి నీకు పన్నెండంగుళాలది కావాలి. ఇంకో లెక్క చూడు. మనకి దొరికే చార్టు 22 బై 28 అంగుళాలు. నిలువునా ఒకసారి, అడ్డంగా ఒకసారి కోస్తే 11 బై 14 ముక్కలు నాలుగొస్తాయి, వృథా లేదు. మిషనుతో ఇచ్చే 12 బై 12 మ్యాట్ మీద ఆ ముక్క పట్టదు, రెండంగుళాలు బయటికి వేలాడుతుంది. 12 బై 24 మ్యాట్ విడిగా కొనుక్కుంటే సరిపోతుంది. మిషను కొన్న రోజే అది కూడా ఆర్డరు పెట్టు.

ఆడబిడ్డ చేత తెప్పించే విషయం కాస్త నెమ్మదిగా చదువు. మిషను వరకూ కరెంటు భయం లేదు. అడాప్టరు మీద 100-240 అని రాసి ఉంటుంది, పిన్ను మార్చుకునే ముక్క కొంటే చాలు. పెట్టె మాత్రం ఒక సూట్‌కేసు మొత్తం తినేస్తుంది, ఆమె సామాను మానుకుని తేవాలి. అసలు చిక్కు వారంటీ. మా మేనకోడలు డల్లాస్ నుంచి ఒక మిషను తెచ్చిపెట్టింది, ఏ కంపెనీదో చెప్పను. ఎనిమిదో నెలలో బ్లేడు పట్టుకునే భాగం కదలడం మానేసింది. ఫోను చేస్తే, కొన్న దేశంలోనే చూస్తామన్నారు. ఒంగోలు నుంచి డల్లాస్‌కి పంపే ఖర్చు లెక్కేస్తే మిషను ధరలో సగం తేలింది. ఆరు నెలలు అటక మీద పడుకుంది. చివరికి కుట్టు మిషన్లు బాగుచేసే ఆయన విప్పి చూసి, లోపల ఇరుక్కున్న గ్లిట్టరు కాగితం ముక్క తీసి నా చేతిలో పెట్టాడు. ఆయన తీసుకుంది వంద రూపాయలు. అంతవరకూ అది ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

ఆడబిడ్డతో తెప్పించుకోవాలనుకుంటే చిన్న సరుకు తెప్పించుకో: బ్లేడులు, బాగుండే గ్లిట్టర్ షీట్లు, వినైల్ లేపే కొక్కెం. హీట్ ప్రెస్ మాత్రం పొరపాటున కూడా తెమ్మనకు. టీషర్టుల మీద పేర్లు అతికించే ఆ ఇస్త్రీపెట్టె అక్కడ 120 వోల్టులకి చేస్తారు. మన గోడలో వచ్చేది 230. నేను పిన్ను ముక్క ఒక్కటే తగిలించి పెట్టా, మిషనుకి పనికొచ్చింది కదా దీనికీ పనికొస్తుందని. పది లెక్కపెట్టేలోగా తెల్లటి పొగ, ఇల్లంతా కాలిన వాసన. ఆ తప్పు పూర్తిగా నాదే, దాని అడుగున 120 అని పెద్ద అంకెల్లో రాసి ఉంది. టీషర్టులు చేయాలనిపిస్తే నీ ఇంట్లో ఉన్న ఇస్త్రీపెట్టె చాలు. ఆవిరి ఆపేసి, గట్టి బల్ల మీద పెట్టి, పదిహేను సెకన్లు కదపకుండా నొక్కు. టీషర్టుకి అతికించే వినైల్ కోసేముందు బొమ్మని అద్దంలో చూసినట్టు తిప్పడం మర్చిపోకు. తెలుగు తిరగబడితే ఇంగ్లీషు కంటే ఘోరంగా ఉంటుంది, ఎవరూ చదవలేరు.

పాత మిషను చవగ్గా వస్తోందని ఎవరైనా అంటే మోడల్ పేరు అడుగు. 2006లో మొదటి క్రికట్ వచ్చినప్పుడు అది కార్ట్రిడ్జి (అక్షరాలు, బొమ్మలు నింపిన చిన్న డబ్బీ) గుచ్చితే పనిచేసేది. ఆ తరం మిషన్లని కంప్యూటర్‌తో కలిపే సాఫ్ట్‌వేర్‌ని 2018లో మూసేశారు. ఇప్పుడు అవి కార్ట్రిడ్జిలో ఉన్న ఇంగ్లీషు అక్షరాలు, బొమ్మలే కోస్తాయి. మనకి బల్ల మీద అలంకారానికి తప్ప పనికిరావు.

డబ్బు లెక్క ఒకసారి వేసుకుందాం. ముప్పై అయిదు పేర్లు, 120 చొప్పున నెలకి 4,200. మూడో వంతు షీట్లకీ పుల్లలకీ పోయిందనుకుంటే 2,800 మిగులుతుంది. మిషనుకి 28,000 పెడితే పది నెలల మిగులు అంతా దానికే. ఆర్డర్లు పెరగకపోతే మిషను నీకు కొత్తగా ఒక్క రూపాయి కూడా తేదు. తెచ్చేది టైము. ముప్పై అయిదు పేర్లకి ముప్పావు గంట చొప్పున నెలకి ఇరవై ఆరు గంటలు కత్తెర పట్టుకుంటున్నావు. అది ఐదారు గంటలకి దిగుతుంది. మిగిలిన ఇరవై గంటల్లో ఇంకో ఇరవై పేర్లు చేయగలిగితే మిషను లాభం. ఆ ఇరవై ఆర్డర్లు కావలిలో ఉన్నాయా లేవా అనేది నీకే తెలుసు. ఒక్క దారి చెబుతా, వాడుకుంటే వాడుకో. మార్కాపురం పలకలు తెప్పించు. చెక్క ఫ్రేము మీద పిల్ల పేరు వినైల్‌లో అతికించి, అక్షరాభ్యాసానికి వచ్చిన పిల్లలకి పంచే కానుకగా అమ్ము. ఫ్రేము సన్నం కాబట్టి అక్షరం చిన్నదిగా, లావుగా ఉండాలి. విజయదశమికి ముందూ వసంత పంచమికి ముందూ నాకు కేకులకంటే ఇవే ఎక్కువ పోతాయి. వీటికి వినైల్ కాబట్టి వత్తు విడిగా ఉన్నా బాధ లేదు, పైన ట్రాన్స్‌ఫర్ టేపు వేసి ఉన్నవున్నట్టుగా ఎత్తి అతికించేయొచ్చు.

మరి ఏది కొనాలి? నీ స్థానంలో నేనుంటే సిలుయెట్ కామియో కొంటా, పన్నెండంగుళాలది, మన దేశంలో బిల్లు ఇచ్చే అమ్మకందారు దగ్గర. కొత్త మోడలే కావాలని పట్టుబట్టకు, దాని ముందుది చవగ్గా దొరికితే అదీ ఇవే పనులు చేస్తుంది. 35,000లో మిషనుకి 28,000 దాటనీయకు. మిగతాది పెద్ద మ్యాట్‌కీ, రెండు అదనపు బ్లేడులకీ, షీట్లకీ ఉంచు. ఉత్త మిషను కొని షీట్లకి డబ్బు లేక కూర్చున్న వాళ్ళని చూశాను. మీ ఇంట్లో లాప్‌టాప్ లేదు, అంతా ఫోనులోనే చేయాలి అంటే మాత్రం నా మాట మారుతుంది. అప్పుడు క్రికట్ ఎక్స్‌ప్లోర్ తీసుకో. ఇందాక చెప్పిన ఫోను బొమ్మ, ట్రేసు పద్ధతిలో పని నడిచిపోతుంది.

తొందర లేదంటే కొనేముందు ఒక పని చెయ్యి. బండ్లకి స్టిక్కర్లు కోసే రేడియం షాపు మీ ఊళ్ళోనూ ఉంటుంది. వాళ్ళ దగ్గర రెండడుగుల ప్లాటరు (స్టిక్కర్లు కోసే పెద్ద మిషను) ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లో నీ ఫైలు తీసుకెళ్ళి పదిహేను పేర్లు వినైల్ మీద కోయించు. వాళ్ళు కార్డు షీటు కోయరు గానీ, నీ ఫైలు బాగుందో లేదో అక్కడే తెలిసిపోతుంది. తెలుగు పేరు ముక్కలు కాకుండా ఫైలు చేయడం ముందు వచ్చేస్తే మిషను రెండో రోజు నుంచే సంపాదిస్తుంది. నాకు అది రావడానికి మూడు నెలలు పట్టింది, ఆ మూడు నెలలూ మిషను బట్టలు మడతపెట్టుకునే బల్ల అయింది.

వాడకం గురించి కాస్త. మ్యాట్ మీద జిగురు ఎన్నాళ్ళుంటుందని అందరూ అడుగుతారు. దుమ్ము పడకపోతే చాలా రోజులుంటుంది. వాడగానే దాంతో వచ్చిన ప్లాస్టిక్ కాగితం మళ్ళీ కప్పెయ్యి. జిగురు తగ్గితే గోరువెచ్చటి నీళ్ళలో ఒక చుక్క సబ్బు వేసి మెత్తగా రుద్ది, గాలికి ఆరబెట్టు, ఎండలో కాదు. షీటుని మ్యాట్ మీంచి పీకకు, షీటుని బల్ల మీద ఉంచి మ్యాట్‌ని వంచుతూ లాగు, అప్పుడు అంచులు చుట్టుకోవు. బ్లేడు సరిగా తెగట్లేదనిపిస్తే పారేసే ముందు వంటింట్లో అల్యూమినియం కాగితాన్ని ఉండ చేసి దాంట్లో పది పదిహేను సార్లు గుచ్చు. మొనకి అంటిన గ్లిట్టరు రాలిపోతుంది, సగం సార్లు జబ్బు అదే. వినైల్ చుట్టలు నిలబెట్టి, చల్లగా ఉండే చోట పెట్టుకో. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో అటక మీద పెడితే జిగురు కరిగి పొరకి పొర అంటుకుపోతుంది. కరెంటు పోతే మిషను ఎక్కడ ఆగిందో అక్కడ నుంచి మళ్ళీ మొదలుపెట్టదు, ఆ షీటు పోయినట్టే. దీనికి ఎక్కువ కరెంటు అక్కర్లేదు, ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఆ ప్లగ్గుకే పెట్టు.

ఒక మాట మర్చిపోయా. గ్లిట్టర్ షీటు క్రీముకి తగలనీయకు, అది తినే సరుకు కాదు. పుల్ల పొడుగ్గా ఉంచి, అక్షరాలు కేకు మీంచి ఒక అంగుళం పైన నిలబడేట్టు అతికించు.

మిషను వచ్చిన రోజు గ్లిట్టరు జోలికి పోకుండా మామూలు చార్టు ముక్క మీద 'అమ్మ' అని నాలుగంగుళాల్లో కొయ్యి. లేపి చూడు. ఒక్క ముక్కగా వస్తే ఆర్డర్లు మొదలుపెట్టు. మ వత్తు ఊడొస్తే రెండు ముక్కల్నీ ఒక కవర్లో పెట్టి నాకు పోస్టు చెయ్యి. ఎక్కడ కలపాలో పెన్నుతో గీసి తిప్పి పంపిస్తా.